అబెర్‌టావె అంటే ఏమిటి? వేల్స్ ఊర్ల పేర్లు చదవడం గురించి

మీరు అడిగింది ఇది. అమ్మాయిని ఎం.ఎస్సీ.లో చేర్పించడానికి బ్రిటన్‌లోని వేల్స్‌లో ఉన్న స్వాన్సీ వెళ్లారు. రైలు దిగితే బోర్డు మీద పైన ‘అబెర్‌టావె’, కింద ‘స్వాన్సీ’ అని ఉంది. రెండింటికీ పోలికే లేదు. ఈ పేర్లకు నిజంగా అర్థాలున్నాయా, ఇంగ్లీషువాళ్ల మీద పంతంతో పెట్టుకున్నవా, నూటికి ఇరవై మందైనా మాట్లాడని వెల్ష్ భాష కోసం కొండల పేర్లు సైతం మార్చేంత హడావిడి ఎందుకు?

అర్థాలున్నాయి. చాలావరకు దాపరికం లేని, పట్టపగటి అర్థాలు. నేను భాషా పండితుణ్ణి కాను. పశ్చిమ వేల్స్‌లో పందొమ్మిదేళ్లుగా రోడ్లు, తూములు, చిన్న వంతెనల పని చూసే సివిల్ ఇంజనీరును. ఈ పేర్లు నాకు మొదట ఉద్యోగంలో అవసరపడ్డాయి, ఇష్టం తర్వాత పుట్టింది. అందుకే నా సమాధానంలో నీళ్లు, బురద కాస్త ఎక్కువగా ఉంటాయి.

ముందు మీ బోర్డు సంగతి. ‘అబెర్’ అంటే ఒక నది సముద్రంలోనో మరో నదిలోనో కలిసే చోటు. టావె ఒక నది. అబెర్‌టావె అంటే టావె నదీముఖం, అంతే. ‘స్వాన్సీ’లో హంసా లేదు, సముద్రమూ లేదు. వైకింగుల పాత నార్స్ భాషలో స్వైన్ అనే మనిషి పేరు, దానికి దీవి అనే అర్థమున్న ‘ఎయ్’ చేరి ఆ పేరైంది. ఒడ్డున కాపురమున్నవాళ్లు తమ నదిని చూసి పేరు పెట్టుకున్నారు, పడవల మీద వచ్చినవాళ్లు తమకు కనిపించిన దాన్ని బట్టి ఇంకో పేరు పెట్టుకున్నారు. ఒకటి మరొకదానికి అనువాదం కాదు. ఆంగ్లసీ, స్కోమర్, ఫిష్‌గార్డ్ లాంటి తీరప్రాంతపు పేర్లు కూడా ఆ నావికులవే. ఫిష్‌గార్డ్ వాళ్ల భాషలో చేపల ఆవరణ. అదే ఊరికి వెల్ష్ పేరు అబెర్‌గ్వైన్, గ్వైన్ నదీముఖం.

అసలు ‘వేల్స్’ అనే మాటే వెల్ష్‌వాళ్లది కాదు. పాత జర్మానిక్ భాషల్లో పరాయివాడు, అందులోనూ రోమన్ ఏలుబడిలో ఉన్న పరభాషవాడు అని చెప్పే మాట ఒకటుంది. దాని సంతానం వేల్స్. కార్న్‌వాల్‌లోని ‘వాల్’, బెల్జియంలోని వలోనియా, రుమేనియాలోని వలేకియా, చివరికి వాల్‌నట్‌లోని ‘వాల్’ కూడా ఆ కడుపున పుట్టినవే. వాళ్లు తమ దేశాన్ని ‘కమ్రి’ అంటారు. ఒకే నేల మీద కలిసి బతికేవాళ్లు అని దాని మూలార్థం. తమ ఊళ్లో తాము ఉన్నవాళ్లకు పొరుగువాడు వచ్చి ‘పరాయివాళ్లు’ అని పేరు పెట్టి, దాన్నే ప్రపంచమంతా ప్రచారం చేశాడన్న మాట. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే బోర్డుల గొడవలో సగం అర్థమవుతుంది.

ఇక చదవడం. అచ్చులే లేవని చాలామంది చేతులెత్తేస్తారు. ఉన్నాయి. ‘డబ్ల్యూ’ అక్షరం వెల్ష్‌లో తరచుగా ‘ఉ’. ‘వై’ చోటును బట్టి ‘అ’ గానీ ‘ఇ’ గానీ అవుతుంది. ‘ఎఫ్’ ఒక్కటి రాస్తే వ, రెండు రాస్తే ఫ. జంట ‘డి’ రాస్తే మన ద కు దగ్గరి ధ్వని. తెలుగులో డ, ద వేరువేరుగా ఉండటం ఇక్కడ అదృష్టం: రాజధాని కార్డిఫ్ వెల్ష్ పేరును ‘కైర్‌డీద్’ అని మనం ఇబ్బంది లేకుండా రాసేయగలం. నేను సాయంత్రం తరగతులకు వెళ్లి వెల్ష్ నేర్చుకున్నప్పుడు నా నోటు పుస్తకమంతా తెలుగు లిపిలోనే ఉండేది. పక్క బల్ల మీది ఇంగ్లీషు పెద్దాయన అసూయగా చూసేవారు. ఒక్క జంట ‘ఎల్’ మాత్రం మనకూ కష్టమే. నాలుకను ‘ల’ పలికే చోట ఆనించి, గొంతు మోగించకుండా పక్కల నుంచి గాలి వదలాలి. దానికి మనకు అక్షరం లేదు, ‘హ్ల’ అని రాస్తున్నాను. మొదటి నెలంతా నాకు తుంపర్లే వచ్చాయి, శబ్దం రాలేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి శీతకాలం ఒక పల్లెరోడ్డు కింద తూము పదే పదే పొంగుతుండేది. పైనుంచి ఎంత వాన నీరు దిగుతుందో లెక్క కట్టి పైపు వేయించాం. లెక్క సరిగ్గానే ఉంది. వాన లేని రోజు కూడా రోడ్డు అంచున నీళ్లు చెమ్మగిల్లి, తెల్లవారుజామున గడ్డకట్టి, బళ్లు జారేవి. మూడోసారి తవ్వుతుంటే పక్క పొలం పెద్దాయన గేటు మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూశాడు. చివరికి నా చేతిలోని పాత పటం అడిగి తీసుకుని, గోరు మందాన ఉన్న పొలం పేరు మీద వేలు పెట్టాడు: ‘కైర్ ఫనొన్’. “ఫనొన్ అంటే ఏమిటో తెలుసా, బాఖ్?” అన్నాడు. బాఖ్ అంటే చిన్న. ముద్దుగా ‘నాయనా’ అన్నట్టు కూడా వాడతారు. ఫనొన్ అంటే ఊట. ముందున్న ‘కై’ అంటే పొలం (కోట అనే అర్థమున్న ‘కైర్’ వేరు, దాని సంగతి తర్వాత). ఊట పొలం. మేము పైనుంచి వచ్చే నీళ్లు లెక్కపెడుతున్నాం, నీళ్లేమో కింది నుంచి వస్తున్నాయి. ఆ సంగతి పటం మీద ఎన్నో ఏళ్లుగా రాసే ఉంది.

అప్పటి నుంచి నేలను చూసే ముందు పేరు చూడటం అలవాటైంది. గ్వెర్న్ అంటే ఆల్డర్ చెట్లు పెరిగే చిత్తడి. కోర్స్ అంటే కాలు దిగబడే బురదనేల. మోర్వ అంటే సముద్రపు పోటు నీళ్లు తడిపే పర్ర. సార్న్ అంటే తడినేల దాటడానికి రాళ్లు పరిచిన బాట. రీడ్ అంటే నదిలో నడిచి దాటగలిగే రేవు. పేరులో రీడ్ ఉంటే అక్కడ పూర్వం వంతెన లేదని, నీళ్లు లోతు తక్కువని, అడుగు గట్టిదని తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌ను కూడా వాళ్లు రీడఖెన్ అంటారు, ఎద్దులు దాటే రేవు. ఇది మాత్రం ముక్కస్య ముక్క అనువాదమే.

పేరు చూసి పైపు కొలత నిర్ణయించమని నేను చెప్పడం లేదు. నదులు దారి మార్చుకుంటాయి, ఊళ్లు జరుగుతాయి. అబెరిస్ట్విథ్‌నే తీసుకోండి. పేరు ప్రకారం అది ఇస్ట్విథ్ నదీముఖం. మొదటి కోట అక్కడే కట్టారు. తర్వాత కోట, దాని వెంట ఊరు ఉత్తరానికి జరిగి రైడోల్ నది పక్కకు చేరాయి. పేరు మాత్రం పాత నదిదే మోసుకొచ్చారు. అయినా పేరు అడిగే ప్రశ్న విలువైనదే: ఇక్కడ ఒకప్పుడు ఏముండేది?

మీకు అందరికన్నా ఎక్కువగా ఎదురయ్యేది ‘హ్లాన్’. హ్లానెహ్లి, హ్లాండిడ్నో, హ్లాన్‌గోహ్లెన్... పటంలో ఎక్కడ వేలు పెట్టినా తగులుతుంది. దీని తొలి అర్థం చుట్టూ గట్టు వేసిన ఆవరణ. పండ్లతోట ‘పెర్‌హ్లాన్’లో, గొర్రెల దొడ్డి ‘కోర్‌లాన్’లో ఆ అర్థం ఇప్పటికీ మిగిలే ఉంది. తర్వాత అది సన్యాసి గుడిసె, చిన్న గుడి, సమాధులు ఉన్న ఆవరణ అయింది. చివరికి చర్చి, ఆ చర్చి చుట్టూ ఊరు. హ్లాన్ తర్వాత వచ్చేది సాధారణంగా ఒక సాధువు పేరు: టిడ్నో, ఎహ్లి, కోహ్లెన్, పెరిస్, టైలో. వీళ్లలో చాలామందికి రోము నుంచి ఏ పట్టమూ రాలేదు. ఆరో శతాబ్దం ప్రాంతంలో ఒక లోయలో కూర్చుని ప్రార్థన చేసుకున్న మనిషిని ఆ లోయవాళ్లే సాధువన్నారు. అతని గురించి ఇంకేమీ మిగలకపోయినా ఊరి పేరులో మిగిలాడు. నాకు వేల్స్ పేర్లలో అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే.

‘కైర్’ అంటే కోట. చాలాచోట్ల రోమన్ల కోట. కైర్‌డీద్ టాఫ్ నది మీది కోట. కైర్‌నార్వన్ అంటే ‘ఆర్వన్‌లోని కోట’, ఆర్వన్ అంటే ‘మోన్‌కు ఎదురుగా ఉన్న నేల’. మోన్ అంటే ఆంగ్లసీ దీవి. ఒడ్డున నిలబడి చూస్తే నిజంగానే ఎదురుగా ఉంటుంది. ‘పొంట్’ వంతెన, లాటిన్ నుంచి తెచ్చుకున్న మాట. పొంటప్రీద్ అసలు రూపం ‘పొంట్ అ టీ ప్రీద్’: మట్టి ఇంటి పక్కన వంతెన. 1756లో విలియం ఎడ్వర్డ్స్ కట్టిన ఒంటి కమాను రాతి వంతెన ఇప్పటికీ అక్కడుంది, వృత్తిరీత్యా నాకది తీర్థయాత్ర. మట్టి ఇల్లు ఎప్పుడో పోయింది. పేరులోంచి కూడా ‘ఇల్లు’ అరిగిపోయి మట్టి మాత్రం మిగిలింది.

ఇప్పుడు కొత్తవాళ్లను నిజంగా తికమకపెట్టే విషయం. సరిహద్దు దాటగానే ‘క్రోయ్సొ ఇ గమ్రి’ అనే బోర్డు చూసి ఉంటారు. కమ్రికి స్వాగతం. కమ్రి కాస్తా గమ్రి ఎందుకైంది? వెల్ష్‌లో ముందు మాటను బట్టి వెనక మాట మొదటి హల్లు మారుతుంది. ఇంగ్లీషువాళ్లకు ఇది తలనొప్పి. మనకు కాకూడదు. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. బడిలో ‘పరుషాలకు సరళాలు’ అని, ‘గ స డ ద వ లు’ అని వల్లె వేసిన జాతి మనది. వెల్ష్‌లోనూ క కు గ, ట కు డ, ప కు బ వస్తాయి. కైర్‌డీద్‌కు వెళ్తే ‘ఇ గైర్‌డీద్’, పొంటప్రీద్‌కు వెళ్తే ‘ఇ బొంటప్రీద్’. మ అయితే వ అవుతుంది: మేరీ మాత పేరు వెల్ష్‌లో మైర్, ఆమె చర్చి హ్లాన్‌వైర్. మొదట్లో ఉన్న గ ఏకంగా మాయమవుతుంది. ‘కైర్‌డీద్‌లో’ అనాలంటే క ముక్కులోకి పోయి ‘ఙ్హ’ లాంటి శబ్దమవుతుంది. అలా రాసిన బోర్డు నేను మొదటిసారి చూసినప్పుడు ఇది వేరే ఊరేమోనని బస్సు దిగబోయాను.

ఈ వ్యాకరణం ఎందుకు చెబుతున్నానంటే, ఆ భాషలో ఊరి పేరు వాక్యంలో మిగతా మాటలతో పాటు వంగుతుంది, మెత్తబడుతుంది. స్వాన్సీని వెల్ష్ వాక్యంలో పెడితే అన్నంలో రాయిలా తగులుతుంది. అబెర్‌టావె తగలదు. “రెండూ ఒకటే ఊరు కదా, ఏ పేరైతేనేం” అనే వాదన అక్కడివాళ్లకు రుచించకపోవడానికి ఇదొక కారణం.

అర్థం తెలిసిన పేర్లతో ఒక ప్రమాదమూ ఉంది. అర్థం మరిచిపోయినప్పుడు జనం కొత్త కథ అల్లుతారు. కార్మార్థెన్ ఊరిని రోమన్ల కాలంలో మొరిడూనుమ్ అనేవారు, సముద్రపు కోట అని. కాలం గడిచి ఆ మాట ‘మర్దిన్’గా అరిగింది. అర్థం పోయింది. ఇదేదో కోట కదా అని ముందు ‘కైర్’ తగిలించారు: కైర్‌వర్దిన్. అంటే కోట-సముద్రపుకోట. ఆ తర్వాత మర్దిన్ ఎవరో మనిషి అయి ఉండాలనుకున్నారు. ఇంగ్లీషు కథల్లోని మాంత్రికుడు మెర్లిన్ పేరు ఈ మర్దిన్‌దే. ఊరికి మాంత్రికుడి పేరు పెట్టలేదు, మాంత్రికుడికే ఊరి పేరు వచ్చిందని పండితులు ఎక్కువమంది అంటారు.

ఉత్తరాన బేద్‌గెలెర్ట్ కథ మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. బేద్ అంటే సమాధి. అక్కడ రాజు హ్లవెలిన్ వేటకుక్క గెలెర్ట్ సమాధిని చూపిస్తారు. రాజు ఇంటికి వచ్చేసరికి ఉయ్యాల బోర్లా పడి ఉంది, కుక్క మూతి నిండా రక్తం. బిడ్డను తినేసిందనుకుని కత్తితో పొడిచాడు. తీరా చూస్తే ఉయ్యాల కింద బిడ్డ క్షేమం, పక్కన చచ్చిన తోడేలు. వినగానే మీకు ఏం గుర్తొచ్చిందో చెప్పనా? పాము, ముంగిస, నీళ్లకు వెళ్లిన తల్లి. అవును, మన పంచతంత్రంలోని ముంగిస కథే ఎన్నో భాషలు దాటి, ముంగిస కుక్కయి, పాము తోడేలయి ఆ కొండల మధ్యకు చేరింది. దాన్ని ఆ ఊరికి అతికించి, సమాధి రాయి కూడా పాతించింది 18వ శతాబ్దం చివర అక్కడ హోటలు నడిపిన డేవిడ్ ప్రిచర్డ్ అంటారు. గిరాకీ కోసం. అసలు కెలెర్ట్ ఎవరో పాతకాలపు మనిషి, బహుశా సాధువు. కెలెర్ట్ గెలెర్ట్ ఎలా అయిందో మీకు ఇప్పుడు చెప్పక్కర్లేదు. కథ అబద్ధమని తెలిసినా నేను చుట్టాలొస్తే అక్కడికి తీసుకెళ్తాను. మా అత్తగారు ఆ రాయి దగ్గర కళ్లు తుడుచుకుని, “ఇది మన కథే కదూ” అన్నారు.

గిరాకీ అన్నాం కాబట్టి ఆ పొడుగు పేరు సంగతీ ముగించేద్దాం, ఎందుకంటే వేల్స్ అనగానే అందరూ అదే అడుగుతారు. ఆంగ్లసీలో 58 అక్షరాల పేరున్న ఊరు. అసలు పేరు హ్లాన్‌వైర్ పుహ్ల్‌గ్విన్‌గిహ్ల్: తెల్ల హేజెల్ చెట్ల మడుగు దగ్గరి మేరీ చర్చి. హ్లాన్‌వైర్‌లు దేశంలో చాలా ఉన్నాయి కాబట్టి ఆ మాత్రం తోక నిజంగానే అవసరం. 1860ల్లో రైలు యాత్రికులను ఆకర్షించడానికి దానికి ‘సుడిగుండం దగ్గర’, ‘ఎర్ర గుహ దగ్గరి టసిల్యో చర్చి’ అని ఇంకో రెండింతలు అతికించారు. స్టేషన్ బోర్డు ముందు ఫొటో దిగడానికి బాగుంటుంది. ఊళ్లోవాళ్లు హ్లాన్‌వైర్‌పుహ్ల్ అని ఊరుకుంటారు.

మీ ప్రశ్నలో ‘హడావిడి’ అనే మాట ఉంది. దానికి జవాబు కావాలంటే కాపెల్ కెలిన్ గురించి తెలియాలి. ‘కెలిన్’ అంటే హాలీ చెట్టు. కాపెల్ అంటే చిన్న ప్రార్థన మందిరం. ట్రవెరిన్ లోయలో అదొక చిన్న పల్లె. బడి, తపాలా కార్యాలయం, మందిరం, పన్నెండు ఇళ్లు, చుట్టూ పొలాలు. జనమంతా వెల్ష్ మాట్లాడేవాళ్లే. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ఆ లోయకు ఆనకట్ట కట్టాలని 1957లో పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ తరఫున ఉన్న 36 మంది ఎంపీల్లో ఒక్కరి మద్దతూ లేకుండానే ఆ చట్టం గట్టెక్కింది. 1965లో జలాశయం ప్రారంభమైంది. ఊరు నీళ్ల కింద ఉంది. జలాశయానికి మాత్రం ‘హ్లిన్ కెలిన్’, కెలిన్ సరస్సు అని పేరు పెట్టారు. ఊరు పోయి పేరు నీళ్ల మీద తేలుతోంది. 2005లో లివర్‌పూల్ నగర పాలక మండలి క్షమాపణ చెప్పింది.

అబెరిస్ట్విథ్ నుంచి దక్షిణానికి సముద్రం పక్క రోడ్డు మీద వెళ్తే, హ్లాన్‌రస్టిడ్ దగ్గర ఒక కూలిన ఇంటి గోడ ఉంది. ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలు: ‘కోవియుఖ్ డ్రవెరిన్’. ట్రవెరిన్‌ను గుర్తుంచుకోండి. 1960ల్లో మొదట రాసినది మైక్ స్టీఫెన్స్ అనే యువకుడు, తర్వాత సాహిత్యంలో పేరు తెచ్చుకున్నారు. ఆయన మొదట ‘ట్రవెరిన్’ అనే రాశారు. వ్యాకరణం ప్రకారం అక్కడ ట డ కావాలి. తర్వాతివాళ్లు దిద్దారు. అంత కోపంలో గోడ మీద రాసిన నినాదంలో కూడా హల్లు సరిగ్గా మెత్తబడాలని పట్టుబట్టే జాతి వాళ్లది. ఆ గోడను ఎవరో పడగొట్టినప్పుడల్లా ఎవరో మళ్లీ పేర్చారు. 2019లో అలా కూలగొట్టాక దేశమంతటా గోడల మీద అవే రెండు మాటలు వెలిశాయి. నేను వారానికి రెండుసార్లు ఆ గోడ ముందు నుంచే వెళ్తాను. ఊరి పేరు అక్కడ దిక్కు చూపించదు. ఆ రోడ్డున వెళ్తే ట్రవెరిన్ రాదు.

రోడ్డు బోర్డుల ఉద్యమం కూడా ఆ కాలపుదే. అప్పట్లో బోర్డులన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి, వెల్ష్ పేర్లు కూడా ఇంగ్లీషువాళ్ల చెవికి వినిపించినట్టు రాసేవారు. 1962లో పుట్టిన వెల్ష్ భాషా సంఘం కుర్రవాళ్లు రాత్రిళ్లు బోర్డులకు ఆకుపచ్చ రంగు పూసేవారు, కొందరు పీకేసేవారు, జైలుకు వెళ్లేవారు. 1972లో బోవెన్ కమిటీ బోర్డులు రెండు భాషల్లో ఉండాలని సిఫారసు చేసింది. ఏ భాష పైన ఉండాలనే పేచీ ఇంకో నలభై ఏళ్లు నడిచింది. ఇప్పటి నిబంధనల ప్రకారం కొత్త బోర్డు పెడితే వెల్ష్ ముందు. మీరు చూసిన వరుస ఊరికే రాలేదు.

దీంట్లో నవ్వులాటలూ ఉన్నాయి. 2008లో స్వాన్సీలో భారీ లారీలకు ప్రవేశం లేదని ఇంగ్లీషులో ఒక బోర్డు తయారు చేసి, అనువాదం కోసం ఈమెయిలు పంపారు. వెంటనే వెల్ష్‌లో జవాబు వచ్చింది, దాన్నే పెద్ద అక్షరాలతో కింద అచ్చువేసి పాతేశారు. అందులో ఉన్నది: ‘ప్రస్తుతం నేను కార్యాలయంలో లేను. అనువదించవలసినది ఏదైనా ఉంటే పంపండి.’ అలాగే వార్టెగ్ అనే పల్లె పేరును వెల్ష్ వర్ణక్రమంలో రాద్దామంటే ఊరివాళ్లే ఒప్పుకోలేదు. వెల్ష్‌లో వ కు ‘ఎఫ్’ రాయాలి. రాస్తే ఇంగ్లీషు చదివేవాళ్లకు మొదటి నాలుగు అక్షరాల్లో అపానవాయువు కనిపిస్తుంది. వాళ్ల బాధ న్యాయమైనదే.

కొండల పేర్లు మార్చారన్నారు. మార్చలేదు, ఉన్న రెండింట్లో ఒకదాన్ని వాడుకలో ముందుకు తెచ్చారు. 1,085 మీటర్ల స్నోడన్ శిఖరాన్ని వెల్ష్‌లో ‘అర్ విద్వా’ అంటారు, సమాధి దిబ్బ అని. రాజుల గడ్డాలు కోసి తన పైవస్త్రం కుట్టించుకున్న రీటా అనే రాక్షసుణ్ణి పాత కథల్లోని రాజు ఆర్థర్ చంపి అక్కడ రాళ్ల కింద పాతాడని కథ. 2022 నవంబరులో అక్కడి జాతీయ ఉద్యానవనం అధికారులు ఇకపై శిఖరానికి అర్ విద్వా, చుట్టూ ఉన్న కొండల సీమకు ఎరరి అనే పేర్లే వాడాలని నిర్ణయించారు. 2023 ఏప్రిల్‌లో బ్రెకన్ బీకన్స్ ఉద్యానవనం ‘బన్నై బ్రఖైనియోగ్’ అయింది. బ్రఖన్ అనే పాత రాజు సీమలోని శిఖరాలు. ఇక్కడ ఒక్క మాట నిజాయతీగా చెప్పాలి. ‘స్నోడన్’ నిన్న మొన్న పుట్టిన పేరు కాదు. మంచుకొండ అనే అర్థంతో 1095 నాటి ఇంగ్లీషు రాతల్లోనే ఉంది. దాన్ని ఆక్రమణదారుల ముద్ర అని తిట్టిపోసేవాళ్లతో నేను ఏకీభవించను. అలాగే ఎరరి అంటే గద్దల నెలవు అని బస్సు గైడ్లు చెప్పేదీ నిజం కాదు. గద్దకు ‘ఎరిర్’ అంటారు కాబట్టి అలా అనుకున్నారు. ఆ మాటకు ఎత్తైన నేల అని మాత్రమే అర్థమని ఐవర్ విలియమ్స్ అనే పండితుడు ఎప్పుడో తేల్చారు.

నాకు నిజంగా కోపం తెప్పించేవి ఇంతకన్నా చిన్న పేర్లు. ఆ కొండల్లోనే ‘కుమ్ క్నైవియోన్’ అనే గిన్నెలాంటి లోయ ఉంది. గొర్రెల ఉన్ని లోయ అని అర్థం. పర్వతారోహకులు దానికి ఇంగ్లీషులో పెట్టుకున్న పేరు ‘పేరు లేని లోయ’. పక్కనే ‘హ్లిన్ బోఖ్‌లూయిడ్’ సరస్సు ఉంది. పైనుంచి చూస్తే ఆస్ట్రేలియా ఆకారంలో ఉందని దాన్ని ‘ఆస్ట్రేలియా సరస్సు’ అనేస్తారు. తెలియకపోవడం తప్పు కాదు. పేరున్న చోటుకు పేరు లేదని పేరు పెట్టడం మాత్రం వింతే.

ఇళ్ల పేర్ల సంగతీ అంతే. పూర్వం గొర్రెల కాపరులు శీతకాలం లోయలోని పాత ఇంట్లో ఉండేవారు, దాన్ని ‘హెన్‌డ్రె’ అంటారు. ఎండాకాలం మందతో కొండ మీది ‘హావొడ్’కు ఎక్కేవారు. ఆ జీవనం పోయి చాలా కాలమైంది. పటం మీద హెన్‌డ్రెలు కింద, హావొడ్‌లు పైన ఇప్పటికీ వరుసగా కనిపిస్తాయి. వేల్స్‌లో జోన్స్, డేవిస్, విలియమ్స్ లాంటి ఇంటిపేర్లు కొన్నే కాబట్టి మనిషిని పొలం పేరుతోనే పిలుస్తారు. ఊరి పేర్లు ఇంటిపేర్లయిన మనకు ఇది కొత్తేమీ కాదు. అలాంటి ఇంటిని బయటివాళ్లు కొని, పలకడం కష్టమని పాత పలక తీసేసి ‘సాగర వీక్షణం’ లాంటి ఇంగ్లీషు పేరు తగిలిస్తే పోయేది పలక ఒక్కటే కాదు. దీన్ని ఆపే చట్టం కావాలని అక్కడి శాసనసభ సెనెడ్‌కు అర్జీలు వెళ్లాయి. 2016 నాటి చట్టం కింద చారిత్రక స్థలనామాల జాబితా ఒకటి తయారైంది. 2017లో మొదలైనప్పుడే అందులో మూడున్నర లక్షలకు పైగా పేర్లున్నాయి. జాబితాలో ఉన్నంత మాత్రాన పేరు మార్చకూడదని నిషేధమేమీ లేదు. 1840ల నాటి పొలం పటాలను అబెరిస్ట్విథ్‌లోని జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్లో పెట్టింది. నేను ఏ పనికైనా ముందు వాటినే తెరుస్తాను.

ఇక నూటికి ఇరవై మంది మాట. 2021 జనగణన ప్రకారం వెల్ష్ వచ్చినవాళ్లు 5,38,000 మంది, 17.8 శాతం. మీ లెక్క సరైనదే. మిగతా 82 శాతం మంది కూడా రోజూ పలికే వెల్ష్ ఒకటుంది, అది వాళ్ల ఊరి పేరు. ఇంగ్లీషు తప్ప ఒక్క ముక్క రాని నా సహోద్యోగి హ్లానెహ్లిలో జంట ‘ఎల్’ను రెండుసార్లూ తప్పులేకుండా పలుకుతాడు. నేను ఆ శబ్దం మొదట నేర్చుకున్నది అతని దగ్గరే.

మీ అమ్మాయికి ఒక చిన్న పని అప్పజెప్పండి. స్వాన్సీ బస్సు స్టేషన్‌లో పొంటార్‌డావె వెళ్లే బస్సు ఉంటుంది. ఆ పేరును విడదీయమనండి. పొంట్ అంటే పైన చెప్పాను. ‘ఆర్’ అంటే మీద. ‘డావె’ దగ్గర ఆగిపోతే, రైలు స్టేషన్‌లో మీరు చూసిన బోర్డును, ట్రవెరిన్ గోడను ఒకసారి గుర్తు చేయండి.